పేర్లు పోయిన జాతకాలు

తిరుచానూరు రోడ్డులో నాగరత్నమ్మ నడిపే పెళ్ళి సంబంధాల ఆఫీసులో కంప్యూటర్లన్నీ గిరిప్రసాదే చూసుకుంటాడు. చుట్టుపక్కల సగం మందికి అక్కడ పెళ్ళిళ్ళు కుదిరాయి, అతనికి తప్ప. కుదరకేం, మూడుసార్లు కుదరబోయింది. ఈయనగారు అమ్మను అడగాలి, అక్కను అడగాలి, ఆషాఢం పోనివ్వండి అంటూ కూచుంటే ఆ అమ్మాయిలు వేరేచోట పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కూడా ఎత్తుకున్నారు. మంచివాడే పాపం. కానీ వడ్డించిన విస్తరి ముందు కూచున్నా తినమని ఇంకొకరు చెప్పాలి.

నాలుగో సంబంధం స్రవంతి. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. అతనికైతే కాఫీలో చక్కెర వేసుకోవడం మరిచిపోయేంతగా నచ్చింది. వాళ్ళ నాయన బాలసుబ్రమణ్యం చంద్రగిరిలో ఉంటున్న రిటైర్డు కండక్టరు. అబ్బాయి జాతకం కళ్ళారా చూడందే ఆయన సరేననడు. విజయదశమి సాయంత్రం వస్తానన్నాడు. అప్పటికీ చూపించకపోతే మర్నాడే పుత్తూరు వాళ్ళతో తాంబూలాలు మార్చుకుంటానని కూడా చెప్పేశాడు.

సరిగ్గా ఆ విజయదశమి పొద్దున సర్వర్ లేవలేదు.

ముందురోజు ఆయుధపూజ. పూజనాడు కత్తెర, స్కూటరు, సర్వర్ అన్నీ విశ్రాంతి తీసుకోవాలని నాగరత్నమ్మ పట్టుదల. పద్ధతిగా ఆపుతానని గిరిప్రసాద్ కూచునేలోపే, దుర్ముహూర్తం వచ్చేస్తోందని ఆమె ప్లగ్గు పీకేసి, పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టింది. గుమ్మడికాయ బాగానే పగిలింది. సర్వరే పాడైంది.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ఫైళ్ళ అమరిక దెబ్బతింది, చేత్తో బాగుచేసుకో అని వాటి సారాంశం. గిరిప్రసాద్ తీరిగ్గా లోపలున్నవన్నీ తరచి చూసుకుని, చేయాల్సింది తేల్చుకుని, ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కబోతే నాగరత్నమ్మ చెయ్యి పట్టుకుంది. రాహుకాలమట. సరేనని చేతులు కట్టుకుని కూచున్నాడు. రాహుకాలం పోయాక నొక్కాడు. ఇక అది విరిగిన ముక్క కనబడిన ప్రతిచోటా అతికించనా అని అడగడం మొదలుపెట్టింది. అన్నిటికీ ఒకేసారి అవునని చెప్పేసే వీలుంది. గిరిప్రసాద్ అలా చెబుతాడా? ఒక్కో ప్రశ్నా చదివి, నాగరత్నమ్మ వైపు తిరిగి, ఆమె తలూపాకే అవునన్నాడు.

చివరికి సర్వర్ లేచింది. జాతకాలన్నీ ఉన్నాయి కూడా. కాకపోతే, జాతరలో తప్పిపోయిన పిల్లల్ని కూచోబెట్టినట్టు, అది అన్నిటినీ ఒకే ఫోల్డర్లో పడేసి, పేర్లు తీసేసి నంబర్లు పెట్టింది.

ఇంకో ఆఫీసులో అయితే ఇది పెద్ద కష్టం కాదు, తెరిచి చూస్తే ఎవరిదో తెలుస్తుంది. ఇక్కడ నాగరత్నమ్మ తెలివి అడ్డొచ్చింది. రెండువైపులవాళ్ళూ తనను దాటేసి నేరుగా మాట్లాడుకుంటారని, పేరూ ఊరూ పుట్టిన తేదీ ఉన్న భాగం కత్తెరతో తీసేసి, ఉత్త రాశిచక్రం మాత్రమే స్కాన్ చేయించేది. ఎవరి జాతకమో చెప్పేది ఫైలు పేరొక్కటే. అసలు కాగితాలను స్వర్ణముఖి నదిలో నీళ్ళొచ్చిన ఏడాది భక్తిగా వదిలేసింది. మళ్ళీ రాయిద్దామంటే, గిరిప్రసాద్ ఎప్పుడు పుట్టాడని అడిగితే వాళ్ళమ్మ పాలు పితికే పొద్దు అంటుంది. పొద్దునో సాయంత్రమో ఆమెకే గుర్తులేదు.

అంతలో తండ్రీకూతుళ్ళు రానే వచ్చారు. గిరిప్రసాద్ సార్ సార్ అంటూ కుర్చీ వేసి, నిజం చెప్పేసి, తల వంచుకుని నిలబడ్డాడు. పుత్తూరు వాళ్ళ తాంబూలాలు అతని కళ్ళ ముందు తిరుగుతున్నాయి. ఏడుపొక్కటే తక్కువ.

నాగరత్నమ్మ ధైర్యం చెప్పింది. చక్రం చూసి మనిషిని చెప్పగలదట. ఒక్కోటీ తెరవడం మొదలుపెట్టింది.

"ఇది మనోడిది కాదప్పా. ఈయప్ప తెగించే మనిషి" అంది. ఇంకోటి చూసి, వీడికి నోరుందని తీసేసింది. ఆ తర్వాతది సంపాదనాపరుడిదని తీసేసింది. పెళ్ళి ఆలస్యం చేసే శని ఏడో ఇంట కూచున్న జాతకం రాగానే ముఖం వికసించి, ఇది అయ్యుండొచ్చంది. బాలసుబ్రమణ్యం కండువా సర్దుకుని లేవబోయాడు.

స్రవంతి మౌస్ అందుకుంది. తన చక్రం ఆమెకు కంఠతా వచ్చు. ఏది దానికి కలుస్తుందో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, ఒకచోట ఆగింది.

"ఇదే నాయనా ఆయనది."

"నీకెట్ల తెలుసు?"

"సూడు నాయనా. నీకు నచ్చితే ఇదే."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పొంతన బ్రహ్మాండంగా ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరక్క గిరిప్రసాద్ వైపు తిరిగాడు.

"నీదేనా అప్పా?"

గిరిప్రసాద్ అలవాటుగా నాగరత్నమ్మను చూశాడు. ఆమె పైకప్పును చూస్తోంది. స్రవంతి తెర మీది నుంచి చూపు తిప్పలేదు, మౌస్ వదల్లేదు. అప్పుడుగానీ అతనికి అర్థం కాలేదు. ఈ పిల్ల తనకోసం ఇంత చేసింది.

"నాదే మామా" అన్నాడు.

ఎవరి అనుమతీ లేకుండా గిరిప్రసాద్ పుట్టి బుద్ధెరిగాక చెప్పిన మొదటి మాట అది. అదీ అబద్ధం. బాలసుబ్రమణ్యం కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, తాంబూలాలకు మంచిరోజు ఎప్పుడుందో చూడమని నాగరత్నమ్మతో చెప్పాడు.