పెళ్ళిబుట్టలో చెప్పులు

2023 మాఘమాసం, గురువారం పొద్దున ఎనిమిదిన్నర. గురజాలలో ఒక కల్యాణమండపం, పెళ్ళికూతురి గది. ముహూర్తం పది దాటాక.

ముందు నా పని చెబుతాను. ఇప్పటి పెళ్ళిళ్ళలో మనుషులకంటే ముందు వస్తువులకు ఫొటోలు తీస్తారు. శుభలేఖ, పుస్తెలు, మెట్టెలు, బాసికాలు, అత్తరు సీసా. వీటిని డీటెయిల్ షాట్స్ అంటారు. అన్నీ ఒక గుడ్డ మీద పరిచి పైనుంచి తీస్తే అది ఫ్లాట్ లే. ఆ పరిచే పని నాది. నరసరావుపేటలో గాజుల కొట్టు నడిపినదాన్ని, ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో నా కంటికి తెలుసు. అక్షరాలు మాత్రం యాభై దాటాక నేర్చుకున్నాను. శుభలేఖ తలకిందులుగా పెడితే ఫొటో దండగ కదా.

ఆ రోజు ఫొటోగ్రాఫర్ సురేష్. వినుకొండ అబ్బాయి, పనితనం ఉంది, తొందర ఎక్కువ. నేను లోపల పెళ్ళికూతురు లావణ్య గాజులు సర్దుతుంటే, అతను వరండాలో మగపెళ్ళివారు పంపిన సంచి విప్పి పెళ్ళికొడుకు వస్తువులు తీస్తున్నాడు. కొత్త చెప్పులకు అందమైన చోటు కావాల్సి వచ్చింది. గోడ పక్కన పసుపు రాసి, బంతిపూలు చుట్టిన వెదురుబుట్ట కనబడింది. చెప్పులు అందులో పెట్టి తీశాడు. అతను తీసిన ఫొటో తీసినట్టే హాల్లో పెద్ద తెర మీద పడుతోంది.

ఆ బుట్ట తెచ్చింది లావణ్య మేనమామ కోటేశ్వరరావు. దాచేపల్లిలో సిమెంటు లారీ నడుపుతాడు. మేనమామ పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకుపోవడం ఆ ఇంటి ఆనవాయితీ. అందుకని మేదరివాళ్ళ దగ్గర కూర్చుని, కొలత చెప్పి మరీ అల్లించాడు.

తెర మీద అది మొదట చూసింది ఆయన భార్య సామ్రాజ్యం. "ఏమయ్యో, నీ బుట్టలో పెళ్ళికొడుకు చెప్పులు పెట్టారు. ఊరంతా చూస్తా ఉంది, నువ్వూ చూద్దువుగాని రా."

కోటేశ్వరరావు చూసి వచ్చాడు. భుజం మీది కండువా తీసి కుర్చీ మీద పడేశాడు.

"మగపెళ్ళివాళ్ళమని చూపిచ్చుకున్నారన్నమాట. వాళ్ళ చెప్పులు మోసిన బుట్టలో మా పిల్ల కూర్చోవాలా? నేను మొయ్యను. లారీ ఎక్కి పోతా."

"పోతే నన్నెవరు తీసుకుపోతారు మామయ్యా?" అంది లోపల్నుంచి లావణ్య.

"మీ మామగారినే మొయ్యమను."

లావణ్య తల్లిదండ్రులు మండపంలో పీటల మీద ఉన్నారు, వాళ్ళకు ఇదేమీ తెలియదు. మేనమామ అలిగి పోతే, ఆ మాట ఆ పిల్లకు కాపురం పొడుగునా వినబడుతుంది. రెండు వైపులవాళ్ళు మళ్ళీ ఒక పంక్తిలో కూర్చోరు.

సురేష్ స్తంభం వెనక నిలబడి లెన్సు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నోరు తెరువు. మగపెళ్ళివాళ్ళు పెట్టారనుకుంటున్నారు" అన్నాను.

"చెబితే కొడతారు పిన్నీ."

"కొడితే తిను. చెప్పకపోతే పెళ్ళి ఆగుద్ది."

వెళ్ళి చెప్పాడు. "నేనే పెట్టానండీ. తొందరలో మేనమామ బుట్టని చూసుకోలేదు. పూలబుట్ట అనుకున్నా. చెప్పులు కూడా కొత్తయ్యే, ఇంకా నేల తగల్లేదు."

"నేల తగలకపోతే అవి కిరీటాలా?" అంది సామ్రాజ్యం.

నిజం చెప్పినా కోటేశ్వరరావు కండువా మళ్ళీ తీసుకోలేదు. ఈలోగా గొడవ విని పెళ్ళికొడుకు తండ్రి వెంకట్రామయ్య వచ్చాడు, మాచర్ల ఆయన. అంతా విన్నాడు. కాళ్ళకున్న చెప్పులు అక్కడే విడిచి, బుట్ట పట్టుకుని వరండా చివర కుళాయి దగ్గరకు పోయాడు. పట్టుపంచె ఎగగట్టి కూర్చుని, పసుపు వేసి రుద్దడం మొదలుపెట్టాడు.

"ఎవరు పెట్టారో నాకెందుకు తమ్ముడూ? చెప్పులు మావాడియ్యి. నేను కడుగుతా."

మగపెళ్ళివారి పెద్ద కుళాయి కింద బుట్ట కడగడం నేను ఇన్ని పెళ్ళిళ్ళలో చూడలేదు. కోటేశ్వరరావు ఒక్క పరుగున కుళాయి దగ్గరకు పోయాడు.

"అన్నయ్యగారూ, చాలు ఆపండి! వెదురంతా నానింది. తడి బుట్టలో కూర్చుంటే పిల్ల పట్టుచీర రంగు దిగుద్ది!"

అది నిజమే. ఎండలో పెడదామంటే సమయం లేదు. మేకప్ చేసే రజియా జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ తెచ్చింది. పట్టుపంచెలు కట్టిన ఇద్దరు పెద్దమనుషులు గొంతుక్కూర్చుని బుట్టకు గాలి కొట్టారు.

"చానా చప్పుడు తమ్ముడూ, మీ లారీ లాగా."

"నా లారీ ఇట్లా అరిస్తే షెడ్డుకు పంపుతానన్నయ్యా."

సురేష్ కెమెరా ఎత్తాడు. నేను అతని చెయ్యి దించాను. అది తెర మీద పడాల్సిన ఫొటో కాదు. ముహూర్తానికి ముందే, మేనమామ మోసిన ఆ బుట్టలోనే లావణ్య మండపానికి వెళ్ళింది.

అప్పట్నుంచి ఏ పెళ్ళికి పోయినా, వస్తువు ముట్టుకునే ముందు "ఇది ఏంది?" అని అడగను. "ఎవరు తెచ్చారు?" అని అడుగుతాను. ఆ జవాబు వింటే దాన్ని దేని పక్కన పెట్టాలో, దేని పక్కన పెట్టకూడదో తెలిసిపోతుంది. సురేష్ కూడా ఇప్పుడు అదే అడుగుతున్నాడు.

ఆ వరండాకు ఫొటో లేదు కాబట్టి అక్కడున్నవాళ్ళ పేర్లు ఇక్కడ రాస్తున్నాను. బుట్ట తిప్పి పట్టుకున్న వెంకట్రామయ్య. డ్రయ్యర్ పట్టుకున్న కోటేశ్వరరావు. ఆరిందో లేదో చెంగుతో అద్ది చూసిన సామ్రాజ్యం. వదులు ప్లగ్గు ఊడకుండా నొక్కి పట్టుకున్న రజియా. కెమెరా దించిన సురేష్. గుమ్మంలో నిలబడి "నేను బరువు పెరిగాను మామయ్యా, ఆలోచించుకో" అన్న లావణ్య. నేను, రమణమ్మ.