నాయనమ్మ మోకాళ్ల నూనె

అచ్చులో పడ్డ మాట అబద్ధమాడదని నేను నమ్మిన రోజులవి. ఇంటర్ అయ్యాక డిగ్రీకి పంపడం కుదరదని నాన్న తేల్చేశాడు. కుదరకపోతే పోనీ అని నేను మణుగూరు గ్రంథాలయాన్నే కాలేజీ చేసుకున్నాను. తలుపు తీసే వేళకి అక్కడ ఉండేదాన్ని. పేపర్లన్నీ రిటైరైన పెద్దమనుషులు పంచుకునేవాళ్లు కాబట్టి నాకు మిగిలేవి బీరువా అడుగు వరసలోని పుస్తకాలు: కోళ్ల పెంపకం, గ్రహణాలు, ఇంటి వైద్యం, రోమ్ చక్రవర్తుల పతనం. అన్నీ చదివాను. ఏది పనికొస్తుందో ఏది రాదో చెప్పేవాళ్లు లేకపోవడంలో ఒక సుఖముంది, ఏదీ వదలబుద్ధి కాదు. (రోమ్ ఎందుకు కూలిందో మా కాలనీ మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.) ఇప్పుడు చెప్పబోయే కథ విన్నవాళ్లు చివర్లో నా మొహంలో సిగ్గు కోసం వెతుకుతారు. ముందే చెబుతున్నాను, దొరకదు.

మా నాన్న ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్. ఇల్లంత ఎత్తు బండి నడిపేవాడు, ఇంట్లో కూడా అంత ఎత్తు నుంచే మాట్లాడేవాడు. మా కంపెనీ క్వార్టర్ రెండో అంతస్తులో. నాయనమ్మ ఇల్లు మాత్రం టేకులపల్లి అవతల, అడవి అంచు ఊళ్లో. ఒక వానాకాలం ఆమె పెరట్లో జారిపడింది. మోకాళ్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. నాన్న జీపు కిరాయికి మాట్లాడి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, మనుషుల చేత మెట్లెక్కించాడు. అంతే, మళ్లీ ఆమె కాలు నేలకి తగల్లేదు. పొద్దంతా బాల్కనీలో కూర్చొని, తన కోళ్లను ఊళ్లో ఏ ఇంటివాళ్లు ఏ పూట కోసుకుని ఉంటారో ఊహించుకుంటూ, వాళ్లను పేరు పేరునా తిట్టేది. ఇంటికి ఎవరొచ్చినా "నా కొడుకు నన్ను పంజరంల పెట్టిండు" అని చెప్పేది. నాన్నకు అది గుచ్చుకుంది. ఒకనాడు అన్నం ముందు కూర్చొని, "అమ్మా, ఎవ్వర్నీ పట్టుకోకుంట ఈ మెట్లు దిగి మళ్ల ఎక్కి చూపియ్యి. నేనే నిన్ను ఊర్ల దించి వస్త" అన్నాడు. "మాటనా?" అని అడిగింది నాయనమ్మ. "అవ్, మాటే" అన్నాడు నాన్న, ఎన్నటికీ జరగదన్న ధీమాతో పప్పు కలుపుకుంటూ. దవాఖానాలో ఆపరేషన్ చేయిస్తామంటే ఆమె ఒప్పుకునేది కాదు. గోలీలు మింగితే కడుపులో మంట అనేది.

సరిగ్గా అప్పుడే నాకు ఇంటి వైద్యం పుస్తకంలో ఆ పేజీ కనబడింది. అట్ట లేని పుస్తకం, మొదటి కాగితాలు ఎవరో పొట్లాలు కట్టుకున్నారు, రాసిన మహానుభావుడెవరో తెలియదు. కీళ్ల నొప్పులకు నువ్వుల నూనెలో గంజాయి ఆకు కాచి వాడవలెను అని ఉంది. నేను చప్పున ఆ వాక్యం మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ చూశాను. మా వైపు ఆ పేరు వింటే కళ్లముందు మెదిలేది పేపర్లో వచ్చే ఫొటో ఒక్కటే: బల్ల మీద పొట్లాలు, వాటి వెనక ముఖాలకు గుడ్డ కట్టుకున్న మనుషులు, వాళ్ల వెనక పోలీసులు. భద్రాచలం దారిలో బస్సులు ఆపి సంచులు తడమడం అందరం చూస్తున్నదే. ఇంటికొచ్చి నాయనమ్మ చెవిలో చెప్పాను. ఆమె ఉలిక్కిపడుతుందనుకున్నాను. "గంతేనా? ఎద్దుకు కడుపుబ్బితే మా అయ్య పెట్టేటోడు. ఎద్దు మీద కేసు కాలె" అంది. తర్వాతి వారం ఆమె తమ్ముడు, మా టేకులపల్లి తాత, ఇప్పపువ్వు సంచి భుజాన వేసుకుని చూడ్డానికి వచ్చాడు. అడుగున చిన్న గుడ్డమూటలో ఆకు ఉంది. దారిలో పోలీసు సంచి వాసన చూసి, సారా కాస్తావా ఏంది అని నవ్వి వదిలేశాడట.

అమ్మ సంతకు పోయిన పూట పొయ్యి వెలిగించాను. ఎంత ఆకు, ఎంత నూనె, ఎంత సేపు అన్నవి ఇక్కడ రాయను. (పుస్తకంలో కూడా సరిగ్గా ఆ చోట చెదలు తినేశాయి. మిగతాది నా ఊహ.) ఆ వాసన మాత్రం చెప్పాలి. తడిసిన గడ్డివాముకు నిప్పంటుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కిటికీలు మూశాను, ఊదుబత్తులు వెలిగించాను, చివరికి పక్క పొయ్యి మీద ఎండు రొయ్యలు వేయించాను. ఆ రొయ్యలు కూడా ఓడిపోయాయి. కిందింటి ఆంటీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకి వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మంచిది, కానీ మా మెట్ల మీద ఏ వాసన వచ్చినా దాని మూలం కనిపెట్టందే నిద్రపోదు. "ఏమిటే అమ్మాయ్, ఏం కాస్తున్నావు?" అంది. మా తాత ఊరి గానుగలో ఆడించిన నువ్వుల నూనె తెచ్చాడని, మడ్డి దిగాలని వేడి చేస్తున్నానని తడుముకోకుండా చెప్పాను. పుస్తకాలు చదివినదాన్ని కదా, అబద్ధం కూడా వివరంగా వచ్చింది. ఆ రంగేమిటని అమ్మ అడిగితే ఆమెకూ అదే చెప్పాను. నూనెను స్టీలు క్యానులో పోసి అలమర వెనక వరసలో పెట్టాను. రుద్దడం శనివారమే మొదలుపెట్టాలని నాయనమ్మ పట్టు. నూనె ముట్టుకోవడానికి అదే మంచిరోజట. ఆ పట్టే మా కొంప ముంచింది, లేదా తేల్చింది, మీరే చెప్పండి.

ఎందుకంటే శుక్రవారం మామిడికాయలు వచ్చాయి. నేను గ్రంథాలయంలో ఉన్నాను. ఇంట్లో అమ్మా కిందింటి ఆంటీ కాయలు కొట్టి, ఆవపిండీ కారం కలిపి, నూనె పోస్తుంటే తెచ్చిన ప్యాకెట్లు చాలలేదు. "ఊరి గానుగ నూనె ఇంట్లో పెట్టుకుని ప్యాకెట్ల కోసం చూస్తావేమిటి వదినా" అందట ఆంటీ. ఆవకాయకు గానుగ నూనె కన్నా గొప్పదేముంది? అమ్మ క్యాను మొత్తం వంపేసింది. తర్వాత జరగాల్సింది జరిగింది. జాడీకి ఎత్తాక బేసిన్‌కు అంటుకుని ఉన్న కొత్త కారంలో వేడి వేడి అన్నం కలపడం, మా మెట్ల మీది ఇళ్ల ఆడవాళ్లంతా చెయ్యి చాపడం, ముద్దలు పెట్టడం. ఏటా జరిగే పండగే అది. పెద్దదని మొదటి ముద్ద నాయనమ్మకు, డ్యూటీకి పోవాల్సినవాడని రెండోది, మూడోది, నాలుగోది నాన్నకు. పిల్లలు కారమని ముట్టలేదు. ఆ మేరకు నా అదృష్టం.

నేను మధ్యాహ్నం వచ్చేసరికి కిందింటి ఆంటీ మెట్టు మీద కూర్చొని గోడను నిమురుతోంది. "ఈ గోడ ఎంత చల్లగా ఉందో ఇన్నేళ్లు చూసుకోలేదే" అంది, కళ్లలో నీళ్లతో. ఎండదెబ్బ అనుకుని పైకి వెళ్లాను. నాన్న బూటు లేసు కట్టుకుంటూ, ఆ లేసును చూసి నవ్వుతున్నాడు. నాన్న నవ్వడం నేను అంతకు ముందు పెళ్లి ఆల్బంలోనే చూశాను. అదేంటో అర్థం కాక వంటింట్లోకి వెళ్తే, అమ్మ బోర్లించిన స్టీలు క్యాను పక్కన కూర్చొని, చాలా మెల్లగా, ఒక్కొక్క ఆవగింజనూ పలకరిస్తున్నట్టు నేల ఊడుస్తోంది. క్యానులో నూనె ఏదని అడిగాను. "పచ్చట్ల పోసిన" అంది.

ఆ మాట వినగానే నాకు పోలీసుల ఫొటో గుర్తుకు రాలేదు. డంపర్ గుర్తుకొచ్చింది. వందల అడుగుల లోతు గని, అంచున మట్టి దారి, దాని మీద ఇల్లంత బండి, బండిలో లేసు చూసి నవ్వుతున్న మా నాన్న. బాల్కనీలోకి పరుగెత్తి నాయనమ్మకు ఒక్క ముక్కలో చెప్పి, మెట్లు దూకుతూ కిందికి పోయాను. నాన్న అప్పటికే సెకండ్ షిఫ్టు బస్సు కోసం తోటివాళ్లతో నిలబడి ఉన్నాడు. ఇయ్యాల డ్యూటీకి పోవద్దు నాన్నా అన్నాను. ఎందుకన్నాడు. ఏమని చెప్పను? ఆ మాట అక్కడ పైకి అంటే నౌకరి పోతుంది, అనకపోతే మనిషే పోతాడు. నేను అతని చెయ్యి పట్టుకుని లాగుతున్నాను, అతను నవ్వుతున్నాడు, పక్కవాళ్లు "మీ బిడ్డ లైబ్రరీల ఏం చదువుకొచ్చిందో" అని వెటకారం చేస్తున్నారు. ఇంతలో బస్సు వచ్చింది. నాన్న ఒక కాలు ఎత్తాడు, ఫుట్‌బోర్డు అందక దించాడు, మళ్లీ ఎత్తాడు.

అప్పుడు మెట్ల దగ్గర నుంచి చప్పుడు వినిపించింది. నాయనమ్మ. ఒక చెయ్యి నడుము మీద, ఇంకో చెయ్యి గాలిలో, ఒక్కొక్క మోకాలికీ పేరు పెట్టి తిడుతూ వస్తోంది. ఎవరినీ పట్టుకోలేదు. జనం దారిచ్చారు. వచ్చి బస్సు ఫుట్‌బోర్డు మీద చతికిలబడి, కాళ్లు బార్లా చాపి, తలుపు మొత్తం ఆక్రమించింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. దిగు ముసలమ్మా, షిఫ్టు టైమైతుంది అన్నాడు.

"నా కొడుకుకు వడదెబ్బ కొట్టింది. కండ్లు చూడు. వాడు రాడు" అంది.

"ఆయన రాకుంటె రాకపాయె, నువ్వు లే మరి."

"వాణ్ని ఇంట్లకు పంపి లేస్త. అందాక బొగ్గు ఆడనే ఉంటది, యాడికి పోదు."

అందరూ నాన్న కళ్లు చూశారు. ఎర్రగా ఉన్నాయి. నాన్న ఆమె పక్కనే నేల మీద కూర్చొని, పసిపిల్లాడి గొంతుతో "అమ్మా, బస్సు శానా ఎత్తున్నది" అన్నాడు. దాంతో వడదెబ్బ ఖాయమైంది. తోటివాళ్లే బస్సెక్కుతూ, ఆఫీసులో తాము చెబుతామని, మజ్జిగ తాగించమని నాకు అప్పగించి వెళ్లారు. బస్సు కదిలాక నాయనమ్మ లేచింది. నాన్న ఆమె భుజం మీద బరువంతా వేసి తూలుతుంటే, ఒక్కొక్క మెట్టూ ఎక్కి, గోడను ఓదారుస్తున్న కిందింటి ఆంటీని దాటి, రెండో అంతస్తుకు చేర్చింది. నేను సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది.

మర్నాడు తెల్లవారి నాన్నకు పూర్తిగా తెలివొచ్చింది. వంటింట్లో క్యాను వాసన చూసి నన్ను పిలిచాడు. నేనే చేసిన, నాయనమ్మ మోకాళ్లకు చేసిన, పచ్చట్ల పోసింది నేను కాదు అని చెప్పాను. నా నౌకరి పోతుండె, పానం పోతుండె అని అరిచాడు. "పోనియ్యలె గదా" అన్నాను. కొట్టడానికి చెయ్యెత్తాడు. అప్పుడు నాయనమ్మ లోపలి నుంచి, మంచం దిగకుండానే, "అరే, జీపు ఎప్పుడు మాట్లాడుతవ్?" అంది. నాన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. కిందికి దిగినవు, నిజమే, ఎక్కేటప్పుడు నన్ను పట్టుకున్నవ్ కదా అన్నాడు, ఓడిపోతున్న లాయరులా.

"నేను నిన్ను పట్టుకోలె కొడుకా. నువ్వు నన్ను పట్టుకున్నవ్."

ఆ జాడీ సంగతి కూడా నాయనమ్మే తేల్చింది. ఏడాది పచ్చడి పారబోయడమంటే అమ్మ ఏడ్చింది. అందులో బల్లి పడిందని నాయనమ్మ మెట్ల మీది వాళ్లందరికీ ప్రకటించి, గుంట తీయించి పూడ్చేయించింది. ముందురోజు అందరూ అంత హాయిగా ఎందుకు నిద్రపోయారో వాళ్లకు అప్పుడు అర్థమైంది. భయపడ్డారు, చింతపండు రసం తాగారు, ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాతి వేసవిలో ఆవకాయ పెడుతుంటే కిందింటి ఆంటీ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఈసారి బల్లి పడలేదా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె నిట్టూర్చి ముద్ద తీసుకుంది.

నూనె పని చేసిందని నేను ఇప్పటికీ అంటాను. ఒక్క చుక్క కూడా ఆమె మోకాలికి తగల్లేదు కదా అని నాన్న అనేవాడు. వాడవలెను అన్నారు గానీ ఎలా వాడాలో చెదలు తినేశాయని నా జవాబు. అయితే ఒక సంగతి దాచలేను. జీపు వచ్చేనాటికి నాయనమ్మ మోకాళ్లు రెండూ కుండల్లా వాచి ఉన్నాయి. గుమ్మం దాకా కూడా రాలేకపోయింది. పందెం మాట ఎత్తితే నాన్న గెలిచేవాడే, ఎత్తలేదు. వంగి ఆమెను రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసి, "ఇప్పుడు పట్టుకోవచ్చు. పందెం అయిపాయె" అంది. అలా దిగారు ఇద్దరూ. వాళ్ల వెనక, ఆమె బట్టల మూట నెత్తిన పెట్టుకుని, తన వైద్యమే గెలిచిందని మెడ నిక్కించుకుని మెట్లు దిగుతున్న పిల్ల ఒకతె నాకు కనబడుతుంది. మందు మత్తులో నొప్పి తెలియక నడిచి వాచిన మోకాళ్లు ఏ పుస్తకంలోనూ తగ్గినట్టు లెక్క కాదని ఆ పిల్లకు చెప్పగలను. చెప్పను. దిగనివ్వండి.