రెండు తొట్ల నత్తలు

మా జువాలజీ సార్ పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. "మీ సారు తెల్లారుతూనే పోయినాడు పాపా" అని కాసేపు ఏడ్చి, "ఆ నత్తలు నువ్వే తీసుకోవల్ల" అన్నారు. అలాంటప్పుడు నత్తల మాటేమిటని మీరు అనుకోవచ్చు. ఆ ఇంటిని ఎరిగినవాళ్ళెవరూ అనుకోరు.

కదిరిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నత్తగుల్ల ఉండేది. క్లాసులో ఎవరైనా కునుకు తీస్తే దాన్ని వాళ్ళ బల్ల మీద పెట్టేవారు. మెలకువ వచ్చాక దాని గురించి ఒక కొత్త మాట చెప్పాలి. మూడేళ్ళలో నేను చాలా మాటలే చెప్పాను.

ఆయన ప్రాణమంతా పాత సరస్సుల మీదే. ఆఫ్రికాలో లక్షల ఏండ్లుగా ఉన్న సరస్సుల్లో ఎప్పుడో ఒక జాతి నత్త చేరింది. దాని సంతానంలో కొన్ని రాళ్ళను పట్టుకున్నాయి, కొన్ని ఇసుకలో దూరాయి, కొన్ని లోతుకు దిగాయి. పీతలు గుల్ల పగలగొట్టే చోట గుల్లలు మందమయ్యాయి. చివరికి ఒకదానితో ఒకటి జతకట్టనంతగా వేరుపడి, ఒక్క జాతి ఎన్నో జాతులైంది. "దాంట్లో మాయేం లేదమ్మా. నీళ్ళుండాయి, టైముండాది. మన చెరువులకు ఆ రెండూ యాడివి?" అనేవారు.

అయినా ఆశ చావలేదు. మా ఊరు తనకల్లు దగ్గర ఒక చెరువులో కట్టరాళ్ళ వైపు నత్తలకు గుల్ల మందం, బురద వైపు వాటికి పలచన. రాళ్ళ సందుల్లో ఉండే పీతల వల్లేనని సార్ అనుమానం. ఆ మందం తల్లి నుంచి పిల్లకు వస్తోందా, ఉన్న చోటును బట్టి ఏర్పడుతోందా? తల్లి నుంచే అయితే, మన చెరువూ ఆ దారిలో ఒక అడుగు వేసినట్టే. ల్యాబ్‌లో రెండు తొట్లు పెట్టి, కట్టవైపువి ఒకదాంట్లో, బురదవైపువి ఇంకోదాంట్లో వేశారు. రెండింటికీ ఒకటే నీళ్ళు, ఒకటే తిండి, పీతలు లేవు; అయినా పిల్లల గుల్లల్లో తేడా వస్తే అది తల్లి నుంచి వచ్చినట్టే. ఈ నత్తలు నేరుగా పిల్లల్నే కంటాయి. మిరియపు గింజలంత పిల్లలు పుట్టాయి. అవి పెరిగేదాకా తొట్లు కడిగే పని నాది.

ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలు వరుసపెట్టి పెరిగినదాన్ని. రెండు తొట్లకు రెండు బిందెలు పారబోయడానికి నాకు చేతులు రాలేదు. ఒకరోజు నత్తలన్నిటినీ ఒకే బకెట్లోకి తోడి, ఒక్క బిందెతో రెండు తొట్లూ శుభ్రంగా కడిగాను. తిరిగి వేయబోతే పెద్దవి గుర్తు తెలుస్తున్నాయి. పిల్లలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఎవరి బిడ్డో దేవుడికే తెలియాలి.

బకెట్ పట్టుకొని సార్ ముందు నిలబడి ఏడ్చాను. ఆయన చాలాసేపు అందులోకే చూశారు. ముఖం వాడిపోయింది. తర్వాత మెల్లగా, "ఏమ్మా, నీళ్ళన్నా మిగిలినాయా?" అన్నారు. ఒక బిందె మిగిలిందన్నాను. "అయితే టీ పెట్టు పో, తాగుదాం."

ఆ ఏడే చెరువు ఎండింది, తొట్లలోని పెద్ద నత్తలూ ఆ ఎండలకు బతకలేదు. తర్వాత ఎప్పుడైనా నీళ్ళొచ్చినా నిలవలేదు. సార్ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను టీచరునయ్యాక వాళ్ళింటికి వెళ్తే, "ఇదో, మన బకెట్ పాప వచ్చింది" అని భార్యను పిలిచేవారు, అంతే. నాకు నవ్వూ వచ్చేది, లోపల గుచ్చుకునేది కూడా. ఆయన ఇన్నేళ్ళు మోసుకు తిరిగిన ప్రశ్నకు రావలసిన జవాబును నేను కడిగేశాను మరి.

పోయిన వానాకాలం చెరువు నిండింది. చేతికర్ర లేనిదే నడవలేని మనిషి ఆటోలో తనకల్లు వచ్చి, రెండు డబ్బాల్లోకి నత్తలు పట్టించి తీసుకుపోయారు. పిల్లలు పుట్టగానే ఫోన్ చేసి, "ఈసారి నిన్ను కడగనియ్యను" అని నవ్వారు. అవి పెరిగేదాకా ఆయన ఉండలేదు.

తొట్లు తెచ్చుకోవడానికి వెళ్తే, వాటి పక్కన రెండు కొత్త బకెట్లున్నాయి. ఒకదాని మీద 'కట్ట', ఇంకోదాని మీద 'బురద' అని సార్ చేతిరాత. "నీకోసమే తెప్పించినాడు. నా తర్వాత పాపే కడగల్ల అన్నాడు" అన్నారు ఆయన భార్య. అక్కడే కూర్చొని ఏడ్చాను.

పిల్లలిప్పుడు కందిగింజలంత అయ్యాయి. మందమో పలచనో ఇంకా తెలియదు. వారానికోసారి తొట్టికొక బిందె చొప్పున, ప్రాణం ఉసూరుమంటున్నా, పూర్తిగా పారబోస్తున్నాను. మా ఎండిన వాకిట్లో ఆ నీళ్ళు రెండు చారలుగా, ఒకదాన్నొకటి తాకకుండా, గేటుదాకా పోతున్నాయి.