టీవీ ఎనుక పెట్టిన రంగు లైట్లు

మా ఇంటాయనకు ఒకటి మనసుల పడ్డదంటె ఇగ ఆగడు. తెలంగాణ కోసం బంద్‌లు, రాస్తారోకోలు, సమ్మెలు నడుస్తున్న ఆ ఏడు మా స్టీలు సామాన్ల దుకాణం తెరిచిన దినాలకంటె షటర్ దించిన దినాలే ఎక్కువ. పొద్దుగాల ఆయన చౌరస్తల దీక్ష టెంటు కాడ కూసొని గొంతు పోయేటట్టు నినాదాలిచ్చేది, మద్యాన్నం ఇంటికచ్చి ఏం జెయ్యాల్నో తోచక కాళ్ళు కాలిన పిల్లి లెక్క తిరిగేది. గట్ల తిరిగి తిరిగి ఆయన కన్ను టీవీ మీద పడ్డది.

హోం థియేటర్ అప్పటికే కొన్నడు. ముంగట మూడు డబ్బాలు, ఎనుక రెండు, కింద ఒక ఊఫర్. ఊఫర్ మోగితె వంటింట్ల నా గిన్నెలు సుత గజగజ వణికేటియి. అది సాలలే మారాజుకు. హైదరాబాద్‌ల ఏదో షోరూంల ఒక టీవీ సూసొచ్చిండు. తెర మీద సముద్రం అస్తె టీవీ ఎనుక గోడంత నీలమట, మంట అస్తె ఎర్రగైతదట. "గసొంటిది మనింట్ల ఉండాలె" అన్నడు. "ఉన్న ట్యూబులైటే సక్కగ ఎలుగుతలేదు, నీకు రంగులు గావాల్నా?" అన్న నేను. నా మాట ఎన్నడిన్నడు గనుక!

పెండ్లిల్లకు, వినాయక మండపాలకు లైట్లు కట్టే భాయ్ ఒకాయన మాకు ఎరుకే. సక్కగ ఆయన కాడికే పోయిండు. భాయ్ నవ్విండట. "అరె సేటు, బొమ్మను సూసి ఎలిగే లైటు నాతోని గాదు. సప్పుడును బట్టి ఎలిగేది జేసిస్త, చల్తా?" అన్నడట. రెండు దినాలకు ఒక చిన్న బోర్డు, రంగు లైట్ల పట్టీలు పట్టుకొని మా ఆయన పెండ్లికొడుకు లెక్క ఇంటికచ్చిండు. బోర్డుకు శెనిగగింజంత మైకు ఉన్నది. సప్పుడు తక్కువుంటె కింద ఆకుపచ్చ లైట్లు, నడిమ తీరుగుంటె పసుపువి, జోరైతె పైదాంక ఎర్రవి ఎలుగుతయి.

ఆయన స్టూలెక్కిండు, నేను స్టూలు పట్టుకున్న. టేపు అంటిస్తె సున్నంతోని సహా ఊడొచ్చింది. మల్ల అంటిచ్చిండు, మల్ల ఊడింది. "గట్టిగ పట్టుకోవే" అని నన్ను కసురుతడు. ఊడేది టేపు, తిట్లు నాకు! ఆకరికి చిన్న మొలలు కొట్టి పట్టీలను నిలవెట్టిండు.

ఇదంత మా అత్తమ్మ మంచం మీదకెల్లి సూస్తున్నది. ఆమెకు చెవులు ఇనవడయి. కొన్నేండ్ల కింద పెద్ద జొరమచ్చి తగ్గింది గని, ఇనికిడిని ఎంటదీస్కపోయింది. చెవి మిషన్ పెట్టిస్తె అందుల కూత తప్ప ఏం ఇనొస్తలేదని తీసి అల్మారిల పడేసింది. జొరం రాకముందు మా గల్లీల బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమెనే. ఆమె ఒక్క చరణం ఎత్తుకుంటె ఆడోళ్ళంత వంగి సప్పట్లు కొట్టి అందుకునేటోళ్ళు. చెవులు పోయినంక ఒక పెండ్లిల మాట్లాడితె అందరు తిరిగి సూసిన్రు. అంత జోరుగ మాట్లాడిందన్నట్టు. గా దినం నుంచి ఆమె నోరు మూసుకున్నది. మాతోని సుత సైగలే.

ఆ ఏడు బతుకమ్మను చౌరస్తల, టెంటు ముంగట ఆడుతున్నరు. మా గల్లీ ఆడోళ్ళు అచ్చి అత్తమ్మ చెయ్యి పట్టుకొని "నువ్వు రావాలె, తెలంగాణ కోసం నువ్వు పాట ఎత్తాలె" అని సైగలు జేసిన్రు. ఆమె వద్దని చెయ్యి ఊపింది. వాళ్ళు పోయినంక నాతోని మాత్రం మెల్లగ అన్నది. "నేనెత్తుకుంటె వాళ్ళు అందుకున్నరో లేదో నాకెట్ల ఎరుకైతది బిడ్డా? అందరు వంగి ఆడుతరు, మూతులు సుత కనవడయి. వాళ్ళది ఒడవకముందే నేను రెండోది మొదలువెడితె నవ్వరా?" నాకు ఏడుపచ్చింది. పోవాలని ఆమెకు పానమంత కొట్టుకుంటున్నదని ఆ కండ్లు సూస్తెనే తెలుస్తున్నది.

లైట్ల సంగతికస్తె, అది పెద్ద తమాషా అయింది. లైట్లు ఎలగాలంటె మైకుకు మా ఇంటి ఊఫర్ సప్పుడే ఇనవడాలె గద? మా ఆయనేమో బోర్డును కిటికి పక్కన కొట్టిండు. టీవీల మాటలు నడుస్తుంటె లైట్లు ఎలగక కూసున్నయి. అప్పుడే బజార్ల ర్యాలీ అచ్చింది. "జై తెలంగాణ" అనంగనే గోడంత భగ్గున ఎర్రగైంది. ర్యాలీ పోయింది, ఆరింది. వంటింట్ల కుక్కర్ కూత ఏసింది, మల్ల ఎర్రగైంది. "గిది టీవీకి పెట్టిన లైటా, బజారుకు పెట్టిన లైటా?" అని నేను పొట్ట పట్టుకొని నవ్విన. ఆయన మొకం మాడిపోయింది. లైట్లు సూడనీకి ఐతారం దోస్తులందర్ని పిలిచిండాయె! భాయ్ కాడికి ఉరికి, మైకు బదులు హోం థియేటర్‌కెల్లే సక్కగ సప్పుడు తీసుకునే వైరు తెస్తనని చెప్పి పోయిండు.

టీవీ బంద్ జేసి ఉన్నది, బోర్డు మాత్రం ఆన్‌లనే ఉన్నది. నేను చాయ తెచ్చి అత్తమ్మకిచ్చిన. కప్పు వేడిగున్నదో ఏమో, "అబ్బ" అన్నది. గోడ మీద పసుపు లైట్లు ఎలిగినయి. ఆమె సూసింది. నా దిక్కు సూసింది. మల్ల "అబ్బ" అన్నది, ఈసారి కావాలని. ఎలిగినయి. చాయ పక్కకు పెట్టి, మెల్లగ "ఓ పిల్లా" అన్నది. ఆకుపచ్చవి. జోరుగ "ఓ పిల్లా" అన్నది. ఎర్రవి. ఓరి దేవుడా, ఆమె మొకం సూడాలె గప్పుడు! ఇన్నేండ్లకు ఆమె గొంతు ఎంత ఉన్నదో ఆమెకు కండ్లకు కనవడ్డది.

ఇగ పాట ఎత్తుకున్నది. మొదాలు ఎర్రగైతె తగ్గించింది, ఆకుపచ్చకు దిగితె పెంచింది, నడిమ పసుపు మీద నిలవెట్టింది. గొంతు కొంచెం గీసుకపోయింది గని పాట పాటనే. నాకు ఉండబుద్ధి గాక జోరుగ అందుకున్న. గోడ ఎర్రగైంది. ఆమె తన మూతి మీద ఏలు పెట్టుకొని, "నేను పాడలే" అన్నట్టు తలూపింది. నన్ను సూపెట్టి, "గిది నువ్వా?" అన్నది. నేను అవునన్న.

గప్పటికే మా ఆయన వైరు పట్టుకొని గడపల నిలవడి ఉన్నడు. ఎంతసేపాయెనో ఏమో, వాళ్ళవ్వ పాట ఇనుకుంట కండ్లు తుడుసుకుంటుండు. నేను "ఐతారం నీ దోస్తులస్తరు గద?" అన్న. "వాళ్ళకు చాయ పోద్దాం తియ్యే" అని వైరును జేబుల పెట్టుకొని, తనే కొట్టిన మొలలను తనే పీకుడు షురూ జేసిండు.

తెల్లారి పొద్దుగూకంగ చౌరస్తకు పోయినం. కరెంటు నమ్మకం లేదని మా ఆయన స్కూటర్ మీద బ్యాటరీ తెచ్చిండు. టెంటు గుంజకు బోర్డు, పట్టీలు కట్టిండు. అత్తమ్మ కొత్త చీర కట్టుకొని, బతుకమ్మ పెట్టి, ఆ గుంజకు ఎదురుంగ నిలవడ్డది. చూస్తె ఏమున్నది, లైట్లు ఎర్రగ ఎలిగి ఆరుతనే లేవు! టెంట్ల మైకుల ఒకాయన ఉపన్యాసం నడుస్తున్నది. అత్తమ్మ మొకం చిన్నబోయింది. నా చెయ్యి పట్టుకొని ఇంటికి పోదామన్నట్టు గుంజింది.

మా ఆయన ఉరికి పోయి, ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి ముంగట చేతులు జోడిచ్చి, "అన్నా, మా అవ్వ పాట ఎత్తుతది, జెర ఆపుండ్రి" అన్నడు. ఆయన మంచోడు, మైకు బంద్ జేయించిండు. బంద్ ఉన్నది గనుక బండ్లు ఎట్లాగు తిరుగుతలేవు. ఆడోళ్ళకు నేను చెప్పిన, ఆమె పాడేటప్పుడు ఎవ్వలు కిక్కురుమనొద్దని. లైట్లు ఒక్కటొక్కటి ఆరి కిందికి దిగినయి.

అత్తమ్మ నా చెయ్యి ఇడిసింది. గొంతు సవరిచ్చుకుంటె అడుగున రెండు ఆకుపచ్చవి మినుకుమన్నయి. పాట ఎత్తింది. పసుపు మీద నిలవడ్డది, జెర సుత అటిటు గాలే. చరణం ఒడిసింది, లైట్లు ఆరినయి. ఆమె గుంజ దిక్కే సూస్తున్నది.

ఆడోళ్ళంత వంగి, సప్పట్లు కొట్టి ఒక్కసారి అందుకున్నరు. గుంజ కింది నుంచి మీదిదాంక ఎర్రగ ఎలిగింది. వాళ్ళది ఒడిసి లైట్లు ఆరేదాంక ఆగి, ఎవ్వల మొకం దిక్కు సూడకుంట, మా అత్తమ్మ రెండో చరణం ఎత్తుకున్నది.