రూతు గొంతు కోసం లిలువా దాకా

మొన్న ఆదివారం నేను లిలువా వెళ్లింది ఊరు చూడడానికి కాదు, భయం తట్టుకోలేక. హౌరా స్కూల్లో నా పక్కన కూర్చునే రూతు వాళ్లది లిలువా రైల్వే క్వార్టర్స్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు, అందుకే మా మధ్య అన్నీ వాయిస్ మెసేజ్‌లే. కాలేజీలు వేరయ్యాయి, మా నాన్నకు బదిలీ అయింది, నేను కాళీఘాట్ దగ్గర హాస్టల్లో పడ్డాను. "ఏటే, లేచినావా?" అన్న రూతు గొంతుతోనే నాకు తెల్లారేది. రెండు వారాలుగా ఆ గొంతు లేదు. ఫోన్ ఎత్తదు. ఓకే, బిజీ అని టైపు చేసిన ముక్కలు వస్తున్నాయి. నా మెసేజ్‌ల పక్కన మైకు గుర్తు మాత్రం నీలంగా మారుతోంది. ఎవరో వింటున్నారు! హాస్టల్లో నేను ఏడ్చిన ఏడుపులన్నీ అందులోనే ఉన్నాయి. వినేది రూతేనా? దానికేమైనా అయిందా?

తొమ్మిదింటికి కాళీఘాట్‌లో మెట్రో ఎక్కి, ఎస్‌ప్లనేడ్‌లో మారి, నది కింద నుంచి హౌరా చేరాను. అక్కడి నుంచి లోకల్‌కు ఐదు రూపాయల టికెట్, ఒక్కటే స్టేషన్. "దాదా, లిలువా థామ్‌బే?" అంటూ బండి అక్కడ ఆగుతుందో లేదో కిటికీ పక్కన పెద్దాయన్ని అడిగితే, "థామ్‌బే, థామ్‌బే. ముఖం అలా పెట్టావేం?" అన్నాడు బెంగాలీలో. ఏం చెప్పను? బండి నెమ్మదించకముందే తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

తలుపు తీసింది రూతు వాళ్లమ్మ. "వొచ్చినావా తల్లీ! దానికేటైందో నువ్వే అడుగు. చర్చిలో పాట కూడా మానీసింది," అంది. రూతు మంచం మీద కూర్చుని ఉంది, ఒంట్లో బాగానే ఉంది. అమ్మయ్య అనుకున్నాను. కానీ నన్ను చూసి తల దించుకుంది. అప్పుడు వేరే భయం పట్టుకుంది: నేను అక్కర్లేదేమో.

"నా మీద కోపమా?"

తల ఎత్తకుండానే చెప్పింది. "కాలేజీలో ఆంధ్రా నుంచి వొచ్చినోలు గ్రూపు ఎట్టినారే. మనోలే గదా అని వాయిస్ ఎట్టినాను. నా మాటని ఎక్కిరించి, ఆ వాయిస్ అందరికీ పంపీసినారు. నీదీ ఆల్లలాంటి తెలుగే గదా. నువ్వూ నవ్వుకుంతన్నావేమో అని బయ్యమేసీసింది."

నాకు ఏడుపొచ్చింది. "నీ గొంతు వినకపోతే నాకు తెల్లారట్లేదే పిచ్చిదానా," అన్నాను. వాళ్లమ్మ పెట్టిన చేపల పులుసు ఇద్దరం మాట్లాడకుండానే తిన్నాం.

తిరుగు దారంతా ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. తెరమీద కనిపించే నీలం గుర్తును చూసి స్నేహం పదిలంగా ఉందనుకునేదాన్ని ఇదివరకు. అవతల మనిషి ఎంత బెదిరిపోయి ఉందో అది చెప్పదు. మీరూ ఇలా బయల్దేరితే ఒక్క మాట: కొన్ని బండ్లు లిలువాలో ఆగవు, హౌరాలో అడిగి ఎక్కండి. సాయంత్రం హాస్టల్ మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. వాయిస్ మెసేజ్. నొక్కడానికి ధైర్యం చాల్లేదు. మెట్ల మీదే కూర్చుని నొక్కాను. ముందంతా ఫ్యాన్ చప్పుడే. తర్వాత, బాగా మెల్లిగా, "ఏటే... చేరీసినావా?"