నేను చీటీని చంపిన వారం

పది రూపాయల బిళ్ల మెదక్‌లో చెల్లదని మొట్టమొదట ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే వాళ్ల ఇంటికి కూడా వెళ్లేదాన్ని. తెలియలేదు కాబట్టి మా వీధి కిరాణా సేటు ఒక్కడితోనే సరిపెట్టుకున్నాను.

మాది పిండి గిర్ని. మా ఇంటాయన పెట్టింది. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. కాంటా చూడటం, కూడటం, తీసేయటం వచ్చు, గిర్నికి అంతకంటే అక్కర్లేదు. జొన్నలో గోధుమలో పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు పది రూపాయల బిళ్ల ఇస్తే దాన్ని గల్లాలో వేయకుండా పాలపొడి డబ్బాలో వేసేదాన్ని. నోటు చేతిలో ఉంటే ఎటో పోతుంది. బిళ్ల బరువుగా ఉంటుంది, తీయడానికి చేయి రాదు. ఇంటాయన పోయాక వచ్చే మొదటి పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, ఆయన పేరు మీద ఇచ్చే బియ్యం, పప్పు, నెయ్యి ఈ డబ్బాతోనే కొనాలనుకున్నాను. కొడుకు సంపాదనతో కాదు. ఆయన గిర్నే ఆయనకు పెట్టాలి. అది నా పట్టుదల.

పెత్రమాసకు ముందురోజు డబ్బా చంకన పెట్టుకుని సేటు దుకాణానికి వెళ్లాను. సేటు సామాన్లన్నీ తూచి కట్టాడు. నేను డబ్బా మూత తీసి ముందు పెట్టాను. లోపలికి తొంగిచూసి నవ్వాడు.

“గివేంది పెద్దమ్మా? గివి చెల్లయి.”

“ఎవలన్నరు?”

“అందరు అంటున్నరు.”

“సర్కారు కొట్టిన బిళ్ల. సింహాలున్నయి సూడు. ఎట్ల చెల్లదు?”

“సింహాలుంటే ఏం జేయాలె, జూ పెట్టుకోవాల్నా? కూరగాయలామె తీస్కోదు, ఆటో ఆయన తీస్కోడు. నేను తీస్కొని ఏం జేస్త? ఇంటికి తీస్కపోయి మనుమరాలికియ్యి, ఆడుకుంటది.”

నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురూ నవ్వారు. సేటు కట్టిన పొట్లం విప్పి, బియ్యం మళ్లీ సంచిలో పోశాడు. నా కళ్లముందే. మా ఇంటాయన బియ్యం అవి.

చివరికి కోడలు వచ్చి ఫోన్ చూపించి పైసలు కట్టింది. దుకాణంలో ఒక మాట్లాడే డబ్బా ఉంది, పైసలు పడగానే ఎంత పడ్డాయో వీధంతా వినేటట్టు అరుస్తుంది. ఆ అరుపు తలొంచుకుని విన్నాను. కోడలు ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, అనకపోవడం ఇంకా మండింది.

పండగ అయ్యాక బ్యాంకుకు వెళ్లి అడిగాను. అక్కడి సారు మర్యాదగానే చెప్పాడు. “చెల్తయమ్మా. ఎవలైనా తీస్కోవాలె. ఇటియ్యుండ్రి, మీ ఖాతాల ఏస్త.”

ఇవ్వబోయి ఆగాను. బ్యాంకులో వేస్తే పైసలు దక్కుతాయి. దుకాణం ముందు పోయింది దక్కదు. పైగా బ్యాంకులో ఉప్పు అమ్మరు. డబ్బా తిరిగి ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రం గిర్ని గల్లా తీస్తే లోపల అట్టముక్కలు కనిపించాయి. అవి సేటు చీటీలు. చిల్లర లేదని చెప్పి, అగరుబత్తి డబ్బాలు కత్తిరించి, వాటి మీద దుకాణం ముద్ర కొట్టి, ఆకుపచ్చ సిరాతో రెండు అనో అయిదు అనో రాసి ఇచ్చేవాడు. ఫోన్లున్నవాళ్లకు వాటి పని లేదు. మాలాంటి వాళ్ల కొంగుల్లో మాత్రం అవే ఉండేవి. కూరగాయలామె తీసుకునేది. చాయ్ హోటల్ ఆయన తీసుకునేవాడు. పాపన్నపేట షేర్ ఆటో ఆయన కూడా తీసుకునేవాడు. ఎవరైనా ఆ దుకాణంలో ఏదో ఒకటి కొనక తప్పదు కదా. నేనూ తీసుకునేదాన్ని.

వాటిని తీసి బిళ్లల డబ్బా పక్కన పెట్టాను. సింహాల బిళ్ల చచ్చిపోయింది, అగరుబత్తి అట్ట బతికే ఉంది. సేటు దగ్గర ఏ మంత్రమూ లేదు. మేమందరం తల ఊపుతున్నాం కాబట్టి అట్ట పైసా అయింది. బిళ్లకు ఊపడం మానేశాం కాబట్టి అది రేకుముక్క అయింది. ఆ ఊపే తలల్లో నాదీ ఒకటి ఉంది. నా తల నేను ఆపుకోవచ్చు.

తెల్లారి గిర్నికి మొదట వచ్చిన పక్కవీధి ఆమె జొన్నలు పట్టించుకుని రెండు చీటీలు ఇచ్చింది.

“గివి తీస్కుంటలేను” అన్నాను.

“ఎందుకవ్వా?”

“చెల్తలేవంట.”

“ఎవలన్నరు?”

“అందరు అంటున్నరు.”

అబద్ధమే. అప్పటికి ఆ మాట అన్నది నేనొక్కదాన్నే. గిర్ని నడుస్తుంటే ఏ మాటైనా అరిచే చెప్పాలి. నేను కొంచెం ఎక్కువే అరిచాను. వరుసలో ఉన్న అయిదుగురూ విన్నారు. మధ్యాహ్నానికి చాయ్ హోటల్ ఆయన చీటీ వద్దన్నాడని తెలిసింది. చీకటిపడేలోపు ఆటో ఆయన కూడా వద్దన్నాడు. మరునాటికి నిజంగానే అందరూ అంటున్నారు. నా అబద్ధం ఒక్క పూటే అబద్ధంగా ఉంది.

మూడో రోజు దుకాణం ముందు ఆడవాళ్లు గుంపు కట్టారు. మా గిర్ని గడపలో కూర్చుంటే దుకాణం బాగా కనబడుతుంది. స్టూలు అక్కడికి జరుపుకున్నాను.

“పైసలియ్యి సేటూ!” అని అరుస్తున్నారు.

“పైసలెక్కడియి? సామాన్ తీస్కపోండ్రి.”

మొదట చక్కెర అయిపోయింది, ఆ తరువాత నూనె. ఫోన్లున్నవాళ్లు వచ్చి నూనె లేదని తిట్టి పోయారు. అప్పుడు సేటు ఒక తప్పు చేశాడు. “జర ఆగుండ్రి, రేపు రాండ్రి” అన్నాడు. ఇక అంతే. ఇంట్లో దాచిన చీటీలు కూడా బయటికొచ్చాయి. దేవుడి పటం వెనకవి, బియ్యం డబ్బాలోవి, అన్నీ. సేటు చెమట తుడుచుకోవడం నేను గడపలోంచి చూశాను. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

నాలుగో రోజు కూరగాయలామె వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవర్, నిండా చీటీలు. ఆమెకు బండి మీద వ్యాపారం.

“అక్కా, నా పదిహేను దినాల గిరాకీ గిదే. సేటు వారం ఆగుమంటుండు. పొద్దుగాల మండికి పోవాలె, మాల్ దేంతోని తేవాలె? నువ్వే షురూ జేసినవంట గదా.”

“ఎవలన్నరు?”

“అందరు అంటున్నరు.”

ఒక్క నిమిషం మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. తరువాత ఈమె కూడా నా బిళ్ల తీసుకోని మనిషే కదా అని గుర్తు చేసుకుని గట్టిపడ్డాను. అయినా గల్లాలోంచి నోట్లు తీసి ఆమె చేతిలో పెట్టి, కవర్ నా దగ్గర ఉంచుకున్నాను. జాలిపడ్డానని ఎవరూ అనుకోవద్దు. ఆ కవర్ ఎవరి చేతిలో ఉంటే సేటు వాళ్లకు బాకీ. నాకు కావలసింది అదే.

అయిదో రోజు సేటే గిర్నికి వచ్చాడు. పిండి పట్టించుకోవడానికి మనుషుల్ని పంపేవాడే తప్ప తాను ఎన్నడూ మా గడప తొక్కలేదు. పిండి దుమ్ములో నిలబడ్డాడు. మోటారు ఆపేశాను.

“పెద్దమ్మా, నేను నీకేం జేసిన? గిట్ల పరేషాన్ జేస్తవా? చీటీలు చెల్తయని ఒక్క మాట చెప్పు. నువ్వు తీస్కుంటే అందరు తీస్కుంటరు.”

“నా డబ్బ తీస్కుంటవా?”

“గా బిళ్లలు తీస్కొని ఎవల్కియ్యాలె?”

“చిల్లర లేదని అట్ట కోస్తవు గదా. అట్టకు బదులు బిళ్ల ఇయ్యి. వద్దన్నోళ్లను గిర్నికి తోలు. నేను తీస్కుంట.”

“సరే. ఇప్పుడే ఇయ్యి, తీస్కపోత.”

“ఇక్కడ గాదు. నీ దుకాణం కాడ. పొద్దుగాల, మంది ఉండంగ.”

“ఇజ్జత్ తీస్తవా పెద్దమ్మా?”

“నాది యాడ పోయిందో నీది గాడనే పోవాలె.”

మరునాడు పొద్దున వెళ్లాను. మళ్లీ అవే సామాన్లు చెప్పాను, బియ్యం, పప్పు, నెయ్యి. ముందు కూరగాయలామె కవర్ పెట్టాను. సేటు తీసుకుని లెక్కపెట్టాడు. మిగతాదానికి డబ్బా వంచాను. బిళ్లలు దొర్లాయి. రెండు కింద పడితే సేటే వంగి తీశాడు. వెనక పదిమంది దాకా ఉన్నారు. వాళ్లు నవ్వుతారని చూశాను. ఎవరూ నవ్వలేదు. అది ఒక్కటే నాకు లోటు.

నా తరువాత ఆటో ఆయన వచ్చాడు. సేటు చిల్లరకింద ఒక బిళ్ల ఇచ్చాడు. ఆటో ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి నా వైపు చూశాడు.

“గిర్నిల నడుస్తదా అవ్వా?”

“నడుస్తది.”

జేబులో వేసుకుని పోయాడు. మా వీధిలో పది రూపాయల బిళ్లకు ప్రాణం వచ్చింది అలాగే. ఏ సారూ వచ్చి చాటింపు వేయలేదు.

“మరి నా చీటీలు పెద్దమ్మా?” అన్నాడు సేటు మెల్లగా.

“అవి చచ్చినయి” అని చెప్పి మూటలు ఎత్తుకున్నాను.

ఆ బియ్యం మేమే వండుకుని తిన్నాం. పెత్రమాస వెళ్లిపోయింది కదా, ఎవరికివ్వాలి? తరువాతి ఏడాది గిర్ని పైసలతోనే ఇచ్చాను, ఇప్పటికీ ఇస్తున్నాను. కానీ పోయిన మనిషికి మొదటి పెత్రమాస ఒక్కసారే వస్తుంది. అది కోడలి ఫోన్‌తో అయింది. దాన్ని సేటు తిరిగి ఇవ్వలేడు, నేను తిరిగి కొనలేను.

అందుకే సేటును వదలలేదు. అవతలి దుకాణంలో కందిపప్పు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ. సేటు మీద కోపానికి రెండు రూపాయలు పోగొట్టుకునే మనిషిని కాను, ఆయన దగ్గరే కొంటాను. “పోనియ్యుండ్రి అత్తమ్మా, ఫోన్ చూపిస్తే అయిపాయె” అంటుంది కోడలు. నేను వద్దంటాను. కొంగుముడి విప్పి బిళ్లలు ఒక్కొక్కటే సేటు అరచేతిలో పెడతాను. వెనక మనుషులుంటే ఇంకా మెల్లగా పెడతాను.