పాలన్నం తిన్న మంద కుక్క

2022 ఫిబ్రవరి. ఉదయగిరి కొండ మీద గడ్డి ఇంకా పూర్తిగా ఎండలేదు. నేను పనిచేసే పశువుల క్లినిక్ ఆత్మకూరులో ఉంది. రిటైరైన డాక్టరుగారు ఒకరు సొంతంగా పెట్టుకున్నది. ప్రతి మంగళవారం ఆయనా నేనూ మందుల పెట్టె పట్టుకుని ఉదయగిరి వెళ్లి, అద్దెకు తీసుకున్న ఒక రేకుల గదిలో మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్లం. దుత్తలూరు, వరికుంటపాడు వైపు పల్లెల వాళ్లు పశువును తోలుకుని ఆత్మకూరు దాకా రాలేరు. అందుకని మేమే పోయేవాళ్లం.

నా ఉద్యోగం పేరు హెల్పర్. పశువును కదలకుండా పట్టుకోవడం, గాయాలు కడగడం, సిరంజిలు అందించడం, వచ్చినవాళ్ల వివరాలు ఓపీ పుస్తకంలో రాయడం. రాయడం అన్నిటికన్నా ఆఖర్న వచ్చిన పని. నలభై మూడేళ్ల దాకా నాకు అక్షరాలు రావు. మందు సీసాల మీద పేర్లు చదవలేక తడుముకుంటుంటే డాక్టరుగారే పలక కొనిచ్చి కూర్చోబెట్టారు.

వీటితోపాటు నాకు అప్పగించిన పని ఇంకొకటి ఉంది. చెప్పుకోవడానికి బాగుండదు గానీ కుక్కను పెంచేవాళ్లు తెలుసుకోవలసిందే. కుక్క మలద్వారానికి కాస్త కిందుగా, చెరొక పక్కన, చర్మం లోపల రెండు చిన్న సంచులుంటాయి. యానల్ గ్లాండ్స్ అంటారు. చిన్న కుక్కకు శనగగింజంత, పెద్దదానికి రేగుపండంత. వాటిలో చేపల కంపు కొట్టే జిగురు ఊరుతుంది. మలం గట్టిగా వచ్చినప్పుడు ఆ సంచులను నొక్కుతుంది, జిగురు కాస్త బయటికి పోతుంది. ఆ నొక్కుడు లేకపోతే లోపలే చిక్కబడి గడ్డకడుతుంది. దీన్ని ఇంపాక్షన్ అంటారు. అప్పుడు కుక్క కూర్చుని ముడ్డి నేలకేసి ఈడ్చుకుంటుంది, తోక కింద అదే పనిగా నాకుతుంది. చూసినవాళ్లు కడుపులో పురుగులనుకుంటారు. నేను చేసే పని, గ్లౌజు తొడిగిన వేలికి వాసెలిన్ రాసుకుని, సంచిని రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా పిండడం. ఆ కంపు సబ్బుతో పోదు. మధ్యాహ్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ తగులుతుంది. ఎన్ని కుక్కలకు పిండానో చెప్పలేను. వేళ్ల కీళ్లు మాత్రం చెబుతాయి.

పెంచలయ్య తన కుక్కను తెచ్చింది ఆ ఫిబ్రవరిలోనే. దుత్తలూరు అవతలి పల్లెలో గొర్రెలు కాసుకునే మనిషి, అరవై దాటినవాడు. కుక్క పేరు టైగరు. పేరుకు తగ్గట్టే పెద్ద తల, నల్లటి ఒళ్లు. ఆటోలోంచి దిగగానే మట్టిలో కూర్చుని వెనకభాగం ఈడ్చుకుంటూ గది ముందు ఒక గీత గీసింది. తోక మొదట్లో రెండు పక్కలా ఇనుపకడ్డీతో కాల్చిన వాతలున్నాయి.

"ఇదేంది పెద్దాయనా, నోరులేని దానికి వాతలు?" అన్నాను.

"కడుపులో పురుగులని నట్టల మందు తాపినా, తగ్గలా. అందుకని బెట్టినా. చిన్నప్పుడు కామెర్లకి నాకూ మా నాయన పెట్టినాడు. నేను బతకలా?"

ఓపీ పుస్తకంలో ఆహారం అని ఒక గడి ఉంటుంది. దానికోసం అడిగాను. "తిండి ఏం పెడతా ఉండావు?"

"పాలన్నం" అన్నాడు, గొప్పగా. "రెండు పూటలా గొర్రెపాలు పిండి, స్టోరు బియ్యం మెత్తంగా ఉడకేసి, పిసికి పెడతా. పసిబిడ్డకు పెట్టినట్టు."

"అదృష్టం జేసుకుని పుట్టింది నీ కుక్క. మా ఇంట్లో టీలోకే పాలు చాలవు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వి, గడిలో 'పాలు, అన్నం' అని రాసి, గ్లౌజు తొడుక్కున్నాను. రెండు సంచులూ నిండిపోయి ఉన్నాయి. లోపలిది జిగురులా లేదు, టూత్‌పేస్టులా బయటికి వచ్చింది. పిండగానే కుక్క లేచి ఒళ్లు దులుపుకుంది. పెంచలయ్య నాకు దణ్ణం పెట్టాడు. డాక్టరుగారు ఈనలేక అవస్థపడుతున్న ఒక గేదె దగ్గర ఉండి, అటునుంచే కేకేసి, కుక్కల తిండి గురించి అచ్చేసిన కాగితం ఒకటి ఇవ్వమన్నారు. ఇచ్చాను. అది ఇంగ్లీషులో ఉంటుంది. పెంచలయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి తలగుడ్డలో దోపుకున్నాడు.

మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. పిండాను. ఇంకో మూడు వారాలకు వచ్చాడు. పిండాను. ఈసారి ఎడమ పక్క సంచి చుట్టూ వాపుంది. చెయ్యి దగ్గరికి పోకముందే టైగరు మూలిగింది. అప్పటికి నాకు పెంచలయ్య అలవాటైన గిరాకీ అయిపోయాడు. వచ్చీ రాగానే కుక్క మూతికి గుడ్డ కట్టేవాడు, నేను మాట్లాడకుండా పని కానిచ్చేదాన్ని. ఎండలు ముదిరాయి. రేకుల గదిలో కూర్చోలేకపోయేవాళ్లం. బయట గొర్రెలు, గేదెలు, మనుషులు. ప్రతివాళ్లకూ తొందరే.

నాలుగోసారి పద్నాలుగు రోజులకే వచ్చాడు. ఏప్రిల్ మూడో వారం. ఈసారి భార్య రమణమ్మ కూడా వెంట ఉంది. ఆటోలో గోనెపట్టా మీద కుక్క పడుకుని ఉంది. తోక పక్కన చర్మం పగిలి, చీము, నెత్తురు కారుతున్నాయి. ఈగలు ముసురుతున్నాయి. సంచిలో చీము పట్టి, దారి లేక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. ఆబ్సెస్ అంటారు దాన్ని.

"మా బామ్మర్ది నరసయ్య పుండు పక్కన చెయ్యి బెడితే కరిసింది" అన్నాడు పెంచలయ్య. "పిచ్చి లేసిందంటాడు వాడు."

"పిచ్చి కాదు, నొప్పి" అన్నారు డాక్టరుగారు. "అయినా నరసయ్యను రేపే పెద్దాసుపత్రికి పోయి సూదులు వేయించుకోమను."

పెంచలయ్య కిందికి చూస్తూ అసలు సంగతి చెప్పాడు. వరికోతలు అయిపోయాక వాళ్లూ, ఇంకో మూడు కుటుంబాలూ గొర్రెలన్నీ కలిపి సంగం వైపు తోలుకుపోతారు. కాలవ కింద కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద కడతారు. ఎరువు కోసం రైతులే పిలుచుకుంటారు. మందకు కాపలా టైగరు. ఇంకో రెండు వారాల్లో బయలుదేరాలి. మనుషులను కరిచే కుక్కను రైతుల పొలాల్లోకి తేవడానికి లేదని మిగతావాళ్లు తేల్చి చెప్పారు. వెనక వదిలేస్తే ఊళ్లో ఎవరినైనా కరుస్తుంది. బయలుదేరే రోజుకు అది బాగుపడకపోతే అన్నంలో పురుగుమందు గుళికలు కలిపి పెట్టాలని నరసయ్య మాట.

"నా చేత్తోనే పెట్టమన్నాడమ్మా. నా చేతిదయితేనే తింటదంట."

డాక్టరుగారు మత్తు ఇచ్చి, పుండును వెడల్పు చేసి, సెలైన్‌తో కడిగారు. సంచిని పిండవద్దని నాతో గట్టిగా చెప్పారు. చీము పట్టినప్పుడు నొక్కితే లోపలికి చిమ్ముతుంది. నేను కుక్క తల పట్టుకుని కూర్చున్నాను. కడుగుతూ ఆయన, "మూడుసార్లు ఖాళీ చేస్తే మూడుసార్లూ ఎందుకు నిండింది కొండమ్మా?" అన్నారు. నన్ను తప్పుపట్టలేదు, తనలో తాను అనుకున్నట్టే అన్నారు.

మత్తు దిగేదాకా కుక్కను బయట పందిరి కింద పడుకోబెట్టాం. గంట తరువాత అది తూలుకుంటూ లేచి, గోడవారకు పోయి, వంగి, దొడ్డికి కూర్చుంది. నేను నీళ్ల బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. వచ్చింది మలం కాదు, జావ. తెల్లగా, పలచగా నేలమీద పరుచుకుంది.

"ఎప్పుడూ ఇట్టాగే పోతదా?" అని అడిగాను.

"ఆ, నెల్లాళ్లు గాదు, అయిదార్నెల్లుగా ఇంతే" అన్నాడు పెంచలయ్య.

"అయిదార్నెల్లకు ముందు ఏం తినేది?"

రమణమ్మే అందుకుంది. "మా ఇంట్లో ఏముంటే అది తినేది. సజ్జ సంగటో, జొన్న సంగటో కెలికి ఇంత ముద్ద పడేస్తే తిని కొండ ఎక్కేది. పోయిన కార్తీకంలో ఒక గొర్రెపిల్ల పుట్టీపుట్టంగానే చచ్చిపోతే ఇది దాన్ని పీక్కతిన్నాది. అప్పట్నించి ఈ మహానుభావుడికి భయం బట్టుకుంది."

"నెత్తురు మరిగిన కుక్క మందలో ఉండగూడదు" అన్నాడు పెంచలయ్య. "రేపు బతికున్న పిల్ల మీద బడతాది. ఒంట్లో వేడి చల్లార్చాలంటే పాలన్నమే పెట్టాలని మా పెద్దోళ్ల మాట. ఎముక లేదు, సంగటి లేదు. సంగటి వేడి గదా."

"కుక్కకు పాలు, నాకు గంజి" అంది రమణమ్మ. "పోయిన జన్మలో అది నీ పెద్దపెళ్లాం అయ్యుంటది."

నేను నవ్వలేదు. నీళ్ల బకెట్టు కింద పెట్టేశాను. మలం గట్టిగా వస్తేనే సంచులు వాటంతటవే ఖాళీ అవుతాయని ఎంతమందికి చెప్పానో. పెరిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవని, విరేచనం పలచబడుతుందని డాక్టరుగారు చెబుతుంటే ఎన్నిసార్లు విన్నానో. పాలన్నం అని నా చేత్తో రాసింది నేనే. అదృష్టం చేసుకున్నదని మెచ్చుకున్నదీ నేనే. మెత్తటి అన్నం, పాలు కలిసి ఆ కుక్క కడుపులో నొక్కుడు అనేది లేకుండా చేశాయి. నేను పిండిన ప్రతిసారీ అది ఇంటికి పోయి మళ్లీ అదే తిన్నది.

"మరి సార్ ఇచ్చిన కాగితం?" అన్నాను.

తలగుడ్డ విప్పి తీశాడు. మడతలు నలగలేదు. చెమటకు అంచు మాత్రం పసుపెక్కింది. "భద్రంగానే పెట్టినానమ్మా."

చదువురాని వాళ్లకు కాగితం ఇస్తే ఏం చేస్తారో నాకన్నా తెలిసినవాళ్లు ఎవరు? ఏముందో అడిగితే చిన్నతనం. పారేస్తే తప్పు. అందుకని దాచుకుంటారు. నలభై మూడేళ్లు నేనూ అదే చేశాను. అక్షరాలు వచ్చిన ఆరేళ్లకే ఆ సంగతి మరిచిపోయాను.

ఆ పూట మిగతా పశువుల వాళ్లు గొణుగుతున్నా నేను పెంచలయ్య పక్కన నేలమీద కూర్చున్నాను. డాక్టరుగారిని అడిగి, ఒక్కొక్కటీ నోటితోనే చెప్పాను. పాలు పూర్తిగా మానెయ్యాలి. అన్నం తగ్గిస్తూ, వారం రోజుల్లో మళ్లీ సంగటిలోకి తేవాలి, ఒక్కసారిగా కాదు. సంగటిలో గుప్పెడు తవుడు, ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు కలపాలి. వాటిలో ఉండే పీచుతో మలం బిగుస్తుంది. నీళ్లు ఎప్పుడూ దగ్గరుండాలి. ఉడికించిన ఎముకలు వెయ్యకూడదు, చీలికలై పేగుకు గుచ్చుకుంటాయి. బలానికి రోజుకొక ఉడికించిన గుడ్డు.

"గుడ్డా?" పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు. "అదీ నీసే గదమ్మా."

"దాంట్లో నెత్తురు యాడుందయ్యా?" అంది రమణమ్మ. "నువ్వు తినంగా లేంది అది తింటే వచ్చిందా?"

"నేను గొర్రెపిల్ల మీద బడతానా?"

"కూర వండితే సట్టి మీద బడతావు. రెండూ ఒకటే."

పెంచలయ్య నవ్వాడు, ఆ రోజు మొదటిసారి. చెప్పినవన్నీ తిరిగి ఆయన నోటితో చెప్పించుకున్నాను. తవుడు మరిచిపోయాడు. మళ్లీ చెప్పించాను. పుండు నాకకుండా పాత రంగుల బకెట్టు అడుగు కోసి కుక్క మెడకు తగిలించి పంపాం. పూటకోసారి గోరువెచ్చని ఉప్పునీళ్లతో గుడ్డ కాపడం, పది రోజుల మాత్రలు. ఈ మాత్రలతో ఇప్పుడున్న పుండు మానుతుందని, మళ్లీ రాకుండా చూసేది మాత్రం సంగటేనని డాక్టరుగారు ఆటో దాకా వచ్చి చెప్పారు.

తరువాతి మంగళవారం పెంచలయ్య వచ్చాడు. పుండు ఎండుతోంది. మలం ఇంకా మెత్తగానే ఉంది గానీ జావ కాదు. ఆ పై మంగళవారం మేము ఉదయగిరిలో మధ్యాహ్నం రెండు దాకా కూర్చున్నాం. ఆయన రాలేదు. రెండు రోజుల్లో మంద బయలుదేరుతుందని నాకు గుర్తుంది. ఆయన దగ్గర ఫోను లేదు. అడుగుదామంటే ఆ ఊరివాళ్లు ఎవరూ తగల్లేదు. తిరుగు బస్సులో డాక్టరుగారు నిద్రపోయారు. నేను నా చేతులు ఒడిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ మూడుసార్లలో ఏ ఒక్కసారైనా గోడవారకు పోయి చూసి ఉంటే, ఏం పెడుతున్నావో అడిగినట్టే, ఎట్లా పోతోందో కూడా అడిగి ఉంటే, అన్నంలో గుళికలు కలపాలన్న మాటే ఆ మనిషి వినాల్సి వచ్చేది కాదు.

మే నెల సగం గడిచాక ఒక పొద్దున ఆత్మకూరు క్లినిక్ గడపలో పెంచలయ్య నిలబడి ఉన్నాడు. ఒక్కడే. భుజాన గొంగడి, చేతిలో ఖాళీ సీసా. సంగం నుంచి బస్సులో వచ్చాడట. నేను ఆయన వెనక వీధి వైపు తొంగి చూశాను, కుక్క లేదు.

"గొర్రెలకు నట్టల మందు కావాలమ్మా" అన్నాడు.

"టైగరు?" అన్నాను.

"దానికేం?"

"తీసుకురాలేదే?"

నన్ను వింతగా చూశాడు. "దాన్ని నేను ఇట్టా తోలుకొస్తే ఆడ మందనెవురు జూస్తారు? నరసయ్యా? వాడు చెట్టు కింద బడి నిద్రబోతాడు."

నేను మందు సీసా నింపి ఇచ్చాను. నాలుగు చుక్కలు బల్ల మీద పడ్డాయి. ఇప్పుడు ఎట్లా పోతోందని అడిగితే, "గట్టిగా, ముద్దలు ముద్దలుగా. మా ఆడది రోజూ పోయి జూసొచ్చి చెప్తది నాకు" అన్నాడు. ఎడమ సంచి దగ్గర మచ్చ గట్టిపడి ఉంటుంది. మళ్లీ నిండితే నిండవచ్చు, అప్పుడు వెంటనే రమ్మన్నాను. సరేనని బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ తరువాత పనేమీ తగ్గలేదు. కుక్కలు వస్తూనే ఉన్నాయి, నేను పిండుతూనే ఉన్నాను. కొన్నిటికి తిండి మార్చినా తగ్గదు. ఒళ్లు పెరిగినవి, చర్మరోగం ఉన్నవి, పుట్టుకతోనే సంచుల దారి సన్నగా ఉన్నవి ఉంటాయి. ఇంట్లోవాళ్లు బిస్కెట్లు మానలేక మళ్లీ మళ్లీ తెచ్చేవి అంతకన్నా ఎక్కువ. చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతుంది. అయినా చెబుతాను. చేతికి బాగా అలవాటైన పనే వైద్యమని అనుకోవడం ఎంత సులువో పెంచలయ్య కుక్క నాకు చూపించింది. పిండితే కుక్కకు ఆ పూటకు సుఖం, మనిషికి దణ్ణం పెట్టాలనిపించేంత సంతోషం, నాకు పని అయిపోయిందన్న తృప్తి. ముగ్గురమూ సంతోషంగానే ఉన్నాం, లోపల చీము పడుతుండగా. అందుకని ఇప్పుడు ఎంత రద్దీగా ఉన్నా, ఎవరు విసుక్కున్నా, గ్లౌజు తొడుక్కోకముందే కుక్క ఏం తింటోందో, తిన్నది ఎట్లా బయటికి వస్తోందో రెండూ అడిగి, వాళ్లు చెప్పింది పూర్తయ్యేదాకా వింటాను.